ఉల్లిగడ్డల కర్నల్ చెప్పేది

మా గోదావరిఖనిల నన్ను అందరు కర్నల్ సార్ అంటరు. నిజానికి నేను లెఫ్టినెంట్ కర్నల్‌గనే రిటైరైన. ఆ ముందటి ముక్క పలుకుడు ఎవలకు చాతగాక నాకు ఉత్తగనే ఒక ప్రమోషన్ ఇచ్చిన్రు. మిలిటరీ ఇయ్యనిది మా గల్లీ ఇచ్చింది. నేనెందుకు వద్దంట?

పోయిన పంద్రాగస్టుకు దగ్గరి స్కూలోళ్ళు జెండా ఎగరేయమని పిలిచిన్రు. ఎగరేసిన. చాక్లెట్లు పంచిన. ఐదో తరగతి పిల్ల ఒకతి లేచి నిలవడి, "సార్, మీరు ఎంతమంది శత్రువులను చంపిన్రు?" అని అడిగింది.

"ఒక్కన్ని గూడ చంపలే బిడ్డా" అన్న.

హెడ్మాస్టరు మొఖం మాడిపోయింది. ఆ పిల్ల మాత్రం వదలలే. "మరి గన్నేండ్లు మిలిటరీల ఏం చేసిన్రు సార్?"

"ఉల్లిగడ్డలు పంపిన. పప్పు పంపిన. గ్యాసునూనె పంపిన."

పిల్లలు పగలవడి నవ్విన్రు. ఆ దినం సంది నా పేరు ఉల్లిగడ్డల కర్నల్. ఉల్లిగడ్డల ముందట లెఫ్టినెంట్ అని ఎవలన్న పెడుతరేమో అని చూస్తున్న గని ఇప్పటిదాకా ఎవలు పెట్టలే.

కిరాణం కొట్టు

మా లైన్లనే సామ్యేలు అని ఓపెన్‌కాస్టు బొగ్గు గనిల డంపర్ తోలేటాయన ఉంటడు. చర్చిల నా పక్క బెంచీ ఆయనదే. ఆయన బిడ్డ మెర్సీ మిలిటరీ ఆఫీసర్ల పరీక్ష రాసి, ఐదు దినాల ఇంటర్వ్యూ దాటి, ట్రైనింగుకు పోయింది. ట్రైనింగు ఆఖరికి వచ్చినంక ఎవలు ఏ విభాగంల పడ్డరో చెప్తరు. మెర్సీకి సప్లై వచ్చింది. అంటే నేను చేసిన పనే.

సామ్యేలు మిట్టమధ్యాహ్నం ఎండల చెమటలు కారుకుంట మా ఇంటికి వచ్చిండు. వెనుక మెర్సీ. సెలవు మీద వచ్చింది పిల్ల, జుట్టు కత్తిరించుకొని, గుంజ లెక్క నిటారుగ నిలవడ్డది.

"అన్నా, గింత కష్టపడి ఆఫీసరైతే, తీసుకపోయి కిరాణం కొట్టుల కూసోవెడుతున్నరు. నీకు ఎవలన్న పెద్దోళ్ళు ఎరుకుంటే చెప్పి మార్పియ్యరాదే?" అన్నడు సామ్యేలు.

నాకు ఎరుకైన పెద్దోళ్ళంత నాలెక్కనే ఇంట్ల కూసొని బీపీ గోళీలు మింగుతున్నరు. ఆ ముచ్చట ఆయనకు చెప్పలే.

మెర్సీ మాత్రం సూటిగ అడిగింది. "పెద్దబాపూ, నిజం చెప్పు. గిది సిపాయి పనేనా?"

కూసోవెట్టి చెప్తే ఉపన్యాసమైతది, నేను రాసిస్త అన్న. అందుకే ఈ కాయితాలు. మెర్సీకే గాదు, ఈ పనిల వడే పిల్లలు ఎవలున్నా చదువుకోవచ్చు. ప్రమోషన్లు ఎట్లొస్తయో ఇందుల రాయ. అది నాకు తెలిస్తే నా పేరు ముందట ఆ ముక్క ఎప్పుడో ఊడిపోయేది. నేను చేసిన తప్పులు రాస్త. అవి మాత్రం నాకు కొట్టినపిండి.

దోమతెరలు

రామగుండం ఎండలల్ల పెరిగినోన్ని నేను. ఇరవై రెండేండ్ల వయసుల నన్ను తీసుకపోయి లడక్‌ల పడేసిన్రు. నా కింద ఒక సప్లై డిపో. అక్కడ పని ఎట్లుంటదంటే, ఎండకాలం రోడ్డు తెరిచి ఉంటది. చలికాలం కొండల నడుమ కనుమ మీద మంచు పడి మూసుకపోతది. మూసుకపోయేలోపట, పైన పోస్టులల్ల ఉన్న జవాన్లకు చలికాలమంత సరిపోయేటంత తిండి, స్టవ్వులకు గ్యాసునూనె, బట్టలు, మందులు పైకి చేర్చాలె. మరిచిపోయిన వస్తువు మరిచిపోయినట్టే. మధ్యల దుకాణం లేదు, పక్కింటోళ్ళు లేరు.

నాకు పని నేర్పింది కాలేజీ గాదు, అకాడమీ గాదు. సుబేదార్ కర్నైల్ సింగ్ అని ఒక పంజాబీ పెద్దాయన. తల్లిదండ్రులు పేరులనే కర్నల్ పెట్టిన్రు గనుక ఆయనకు ప్రమోషన్ల మీద ఆశ లేదు. నేను ఆయన కంటె పెద్ద ర్యాంకు. ఆయన నా కంటె అన్నిట్ల పెద్ద.

డిపోల ప్రతి వస్తువుకు ఒక నంబరు ఉంటది. పేరు రాస్తే సరిపోదు, నంబరే రాయాలె. కాళ్ళకు తొడిగే ఊలు మోజోళ్ళు కావాలని నేను ఇండెంటు రాసిన. ఒక అంకె తప్పు రాసిన. కర్నైల్ సింగ్ "సాబ్, ఒక్కపారి మళ్ళ చూసుకుంటరా?" అంటే, "నాకు లెక్కలల్ల డిస్టింక్షన్" అన్న. సంతకం పెట్టిన.

నెలకు లారీ వచ్చింది. తలుపు తీస్తే లోపట దోమతెరలు. లారీ నిండ దోమతెరలు. అది దోమ బతికే జాగ గాదు. అక్కడ దోమ కనవడితే పట్టుకొని దానికే మోజోళ్ళు తొడగాలె.

నేను తల పట్టుకొని బియ్యం బస్తా మీద కూలవడ్డ. వాపస్ పంపుదామంటే, ఆ లారీ మళ్ళ పోయి మోజోళ్ళతోని వచ్చేసరికి కనుమ మూసుకుంటది. కర్నైల్ సింగ్ ఒక దోమతెర ఇప్పి, రెండు చేతులతోని గుంజి చూసిండు. "గట్టిగుంది సాబ్" అన్నడు.

"గట్టిగుంటే ఏం చేసుకుంటం?"

"పక్క లోయల కంచరగాడిదల కంపెనీ ఉన్నది. వాళ్ళకు గడ్డి మోపులు కట్టెటందుకు వలలు లేక గాలికి గడ్డంత ఎగిరిపోతున్నదట. వాళ్ళ స్టోరుల మోజోళ్ళు మాత్రం మస్తున్నయ్."

రెండు దినాలు మా డిపోల అందరం కూసొని దోమతెరలను గడ్డి వలలుగ కుట్టినం. నేను గూడ కుట్టిన. వేళ్ళు పొడుచుకున్న. వలలు అటు పోయినయ్, మోజోళ్ళు ఇటు వచ్చినయ్. మా జవాన్ల కాళ్ళు బతికినయ్, ఆ గాడిదల కడుపులు నిండినయ్. ఈ ముచ్చట ఏ ఫైలుల ఉండదు.

ఆ తర్వాత నేను ఇండెంటు మీద సంతకం పెట్టేముందు ప్రతి అంకె పైకి చదివేటోన్ని, చర్చిల వాక్యం చదివినట్టు. కర్నైల్ సింగ్ కండ్లు మూసుకొని వినేటోడు. తప్పొస్తే ఒక్క కన్ను తెరిచేటోడు.

కాబట్టి మెర్సీ, నీ కింద పనిచేసేటోళ్ళల్ల ఎవలు నీ తప్పు పట్టుకుంటరో ఆ మనిషిని పక్కకు పెట్టుకో. నీకు సెల్యూట్ గట్టిగ కొట్టేటోన్ని దూరం పెట్టు. వాడు పనిల గట్టిగుంటే చెయ్యి గింత గట్టిగ ఊపడు.

పెద్దసారు బెత్తం కుర్చీలు

బాసుల గురించి ఒక మాట. తిట్టే బాసుతోని భయం లేదు. తిట్టినంక వాళ్ళకు ఆకలైతది, పోయి తింటరు. భయపడాల్సింది పైకి చూసే బాసుతోని. పైకి చూసేటోనికి కాళ్ళ కింద ఉన్నోడు కనవడడు.

నా రెండో చలికాలం మాకు ఒక కమాండింగ్ ఆఫీసర్ ఉండె. ఆయనను పెద్దసారు అనుకుందం. మనిషి చెడ్డోడు గాదు. జవాన్ల పిల్లల పేర్లు గూడ యాది పెట్టుకునేటోడు. కానీ పైనుంచి ఎవలన్న వస్తున్నరంటే ఆయనకు పూనకం వచ్చేది.

ఆ ఏడు, మంచు పడకముందు అన్నిటికంటె ఎత్తుల ఉన్న పోస్టుకు ఆఖరి గాడిదల బిడారు తయారైతున్నది. సామాను కట్టుడు అయిపోయింది. అప్పుడే పెద్దసారు పిలిచిండు.

"జనరల్ సార్ హెలికాప్టర్‌ల ఆ పోస్టుకు వస్తున్నరు. ఆయన్ని నూనె డబ్బా మీద కూసోవెడుతమా? మెస్సుల ఉన్న ఆరు బెత్తం కుర్చీలు, ఆ చిన్న టేబులు పైకి పంపు."

"సార్, గాడిదలు సరిపోవు. సామాను దించాలె" అన్న.

"అంత ముఖ్యం గానిది ఏదన్న దించు. నీకు తెల్వదా?"

ఇప్పుడు కుర్చీ బరువుండదు గని జాగ తింటది. ఇరుకు బాటల గాడిదకు రెండు దిక్కుల కుర్చీలు కడితే ఇంకేం పట్టదు. నేను బిడారు దగ్గరికి వచ్చి, ఏం దించాల్నో చూసిన. పప్పు దించలేం. నూనె దించలేం. మందులు దించలేం. స్టవ్వుల వత్తులు, స్టవ్వు సాఫు చేసే పిన్నులు, ఇంక గట్లాంటి చిల్లర సామాను పెట్టెలు కనవడ్డయ్.

కర్నైల్ సింగ్ ఆ పెట్టె మీద చెయ్యి పెట్టిండు. "సాబ్, ఇది వద్దు."

"పాత వత్తులున్నయ్ గద పైన. జనరల్ వచ్చే హెలికాప్టర్లనే ఇవి పంపుదాం."

"వత్తి లేకుంటే నూనె ఉత్త నీళ్ళే సాబ్."

"పెద్దసారుకు నువ్వు చెప్తవా?" అని కోపం చేసిన. ఆయన చెయ్యి తీసిండు. కుర్చీలు పైకి పోయినయ్. కొండ బాటల గాడిదల మీద బెత్తం కుర్చీలు ఊగుకుంట పోతుంటే పెండ్లి సామాను పోతున్నట్టే ఉండె. మేం నవ్వినం గూడ.

జనరల్ రాలే. మబ్బు దిగింది. హెలికాప్టర్ లేవలే. ఒక దినం గాదు, రెండు దినాలు గాదు, మంచు కురుస్తనే ఉన్నది. పైన పాత వత్తులు కాలిపోయినయ్. పోస్టుల నూనె పీపాలు నిండుగున్నయ్, స్టవ్వు మాత్రం అంటుకోదు. గుడ్డ పేలికలు మెలివెట్టి వత్తులు చేసుకున్నరు. పొగ తప్ప మంట లేదు. మంచు కరిగించెటందుకు మంట లేకుంటే తాగెటందుకు నీళ్ళు గూడ ఉండయ్. తడిసిన మోజోళ్ళు ఆరవు. అప్పుడు పోస్టుల ఉన్నోళ్ళు ఆ ఆరు కుర్చీలు, టేబులు ఇరగ్గొట్టి పొయ్యిల పెట్టుకున్నరు. ఆ ఫర్నిచర్ చేసిన ఒకే ఒక్క మంచి పని అది.

హెలికాప్టర్ పోయేసరికి శివన్ అనే కేరళ జవాను కాలు నల్లగైంది. తడి మోజోళ్ళతోని పహరా కాసిండు. కిందికి తెచ్చిన్రు. దవాఖానల రెండు వేళ్ళు తీసేసిన్రు.

నేను చూసెటందుకు పోయిన. ఆపిల్ పండ్లు పట్టుకపోయిన. శివనే అడిగిండు, "సార్, ఆ కుర్చీలు ఎవలు పంపిన్రు?"

"నేనే."

ఆయన ఆపిల్ పండొకటి అందుకున్నడు. "మంచి కుర్చీలు సార్. వార్నిష్ బాగుంది, జల్ది అంటుకున్నయ్" అని నవ్విండు. ఆయన నవ్వితే నేను నవ్వాలె గద. చాతగాలే. బయటికి వచ్చి గోడ దిక్కు తిరిగి నిలవడ్డ.

ఎందుకైందో రాయమని పైనుంచి కాయితం వచ్చింది. పెద్దసారు నన్ను పిలిచి, "వాతావరణం అని రాయి" అన్నడు. నేను వాతావరణం అని రాసిన. పెద్దసారు తుపాకి పెట్టి రాయించలే. నా చేతితోని, నా పెన్నుతోని నేనే రాసిన. మబ్బు మీద తప్పు వేస్తే మబ్బు వచ్చి కాదంటదా? ఈ ముచ్చట ఇప్పటిదాకా ఎవలకు చెప్పలే. నా పెండ్లానికి గూడ చెప్పలే.

బాపు అడిగిన మాట

ఒక్కనికి మాత్రం చెప్పిన. మా బాపుకు.

మా బాపు బొగ్గు బావిల టింబర్‌మన్. అంటే లోపట బొగ్గు తీసినకాడ పైకప్పు కూలకుంట కట్టె దిమ్మెలు నిలవెట్టేటాయన. నేను సెలవు మీద వచ్చేసరికి రిటైరై ఇంట్ల ఉన్నడు. ఆదివారం చర్చి నుంచి వచ్చి, కోడికూర తిని, నులక మంచం మీద ఒరిగిండు. అప్పుడు చెప్పిన కుర్చీల ముచ్చట, వేళ్ళ ముచ్చట, మబ్బు ముచ్చట.

బాపు నన్ను తిడుతడు అనుకున్న. తిట్టలే. ఒక్కటే అడిగిండు.

"నువ్వు ఆ పైకి ఎప్పుడన్న పోయినవార?"

"లేదు బాపు. నా డ్యూటీ కింద డిపోల."

బాపు లేచి కూసున్నడు. "మా బావిల ఒక స్టోర్ బాబు ఉండె. నౌకరీల చేరిన మొదటి వారమే, నన్ను లోపటికి తీసుకపోన్రి అన్నడు. మేం నవ్వినం. తెల్లబట్టలోడు, పిలగాన్ని లెక్క చెయ్యి పట్టుకొని తీసుకపోయినం. పైకప్పు చప్పుడు చేస్తుంటే నేను దిమ్మె కొట్టుడు చూసిండు. ఉచ్చ పడ్డంత పనైంది ఆయనకు. కానీ ఆ తర్వాత ఎన్నడు గూడ, దిమ్మె కావాలె అంటే ఎందుకు అని అడగలే."

ఇంకేం చెప్పలే బాపు. అటు తిరిగి పన్నడు. మా బాపు ఉపన్యాసాలు గింత పొట్టిగ ఉంటయ్.

సెలవు అయిపోయినంక నేను మొదటి బిడారు వెంట ఆ పోస్టుకు నడుచుకుంట పోయిన. మూడు దినాల నడక. గాడిద తోలేటోళ్ళు పాటలు పాడుకుంట ఎక్కుతున్నరు, నాకు ఊపిరి అందుతలేదు. ఆఖరి మెట్ట కాడ నన్ను చూసి ఒక గాడిద గూడ ఆగింది, జాలిపడ్డదో ఏమో. పోస్టుకు చేరి, నిటారుగ నిలవడి, పోస్టు కమాండర్ సెల్యూట్ కొడితే వాపస్ కొట్టబోయి, ఆయన బూట్ల మీద కక్కిన.

ఆ ఎత్తుల మనిషి బుర్ర సగమే పనిచేస్తది. అక్కడ చేతి గ్లౌజు తీస్తే ఇనుము అంటుకొని తోలు ఊడుతది. డబ్బా మూత తీసుడు గూడ పెద్ద పనే. నేను కింద కూసొని చిల్లర సామాను అనుకున్న వత్తులను, అక్కడ ఒక హవల్దార్ గుడ్డల చుట్టి అంగీ లోపట, గుండె కాడ దాచుకున్నడు. తీసి చూపిచ్చిండు. నేనెవలో ఆయనకు ఎరుకే. మళ్ళ అంగీల పెట్టుకున్నడు.

అప్పటి సంది, నేను ఎక్కడికి సరుకు పంపినా ఆ జాగకు ఒక్కపారన్న పోయిన. పోకుంట పంపలే. మెర్సీ, నీ సిలబస్సుల ఇది ఉండదు. రాసుకో.

మూడు సంచులు

ఇక్కడిదాకా చదివితే, నేను బుద్ధి తెచ్చుకొని మంచోన్నైన అనుకుంటవు. అట్ల అనుకున్నది నేను గూడ. అక్కడనే బోర్ల పడ్డ.

కొన్నేండ్లకు నేను మేజర్ని. హెలికాప్టర్ తప్ప ఇంకో దారి లేని పోస్టులకు సామాను పంపుడు నా పని. చలికాలం. మబ్బు ఎప్పుడు ఇడుస్తదో తెల్వదు, ఇడిస్తే ఒక్క ట్రిప్పో రెండు ట్రిప్పులో. చిన్న హెలికాప్టర్, ఎక్కువ మోయలేదు. నాది ఒక్కటే రూలు. తినేది, కాలేది, మందు. ఈ మూడు తప్ప ఏదీ ఎక్కదు. ఎవలు చెప్పినా ఎక్కదు. ఒక పెద్ద ఆఫీసరు పంపిన మిఠాయి బుట్ట గూడ దింపించిన. అందరు షబాష్ అన్నరు. నా తలకాయ కొంచెం పెద్దగైంది.

ఉత్తరాల సంచులు మూడు నా స్టోరుల పడున్నయ్. పోస్టు కమాండర్ ఒక కుర్ర కెప్టెన్. వైర్‌లెస్ సెట్టు మీద మాట్లాడినప్పుడల్ల అడిగేటోడు, "సార్, ఈసారన్నా ఉత్తరాలు?"

"ఉడకవెట్టుకొని తింటరా ఉత్తరాలు? పప్పు పంపుతున్న" అన్న. నా చుట్టున్నోళ్ళు నవ్విన్రు. నాకు నా జోకు మస్తు నచ్చింది. రెండోసారి అడిగినా అదే జోకు వేసిన.

హెలికాప్టర్ నాలుగుసార్లు పోయి వచ్చింది. నాలుగుసార్లు పప్పు, నూనె దించి, ఖాళీ సీటుతోని వాపస్ వచ్చింది.

ఒకనాడు పొద్దున టెలిగ్రాం వచ్చింది. ఆ పోస్టుల ఉన్న నాయక్ రాజమల్లు తండ్రి చనిపోయిండని. రాజమల్లు మన నస్పూర్ పిలగాడే. వాళ్ళ నాయిన గూడ బావిలనే పనిచేసిండు. సెట్టు మీద రాజమల్లును పిలిచి నేనే చెప్పిన. సెట్టు మీద మన భాష మాట్లాడొద్దని రూలు. తెలుగులనే చెప్పిన.

"మా నాయినకు ఏమైంది సార్? నేను వచ్చేటప్పుడు మంచిగనే ఉండె గద" అన్నడు.

ఆ మాట వినంగనే నాకు స్టోరు యాదికొచ్చింది. ఉరికిపోయి సంచులు ఇప్పిన. మొత్తం నేల మీద కుప్ప పోసి వెతికిన. నస్పూర్ ముద్ర ఉన్న ఇన్‌లాండ్ కవర్లు రెండు దొరికినయ్. ఒకటి వచ్చి చానా దినాలైంది. నేను ఇప్పలే. ఇప్పేటి అవసరం లేదు. లోపట ఏముంటదో నా చేతులకు తెలుస్తనే ఉన్నది.

నాలుగో దినం మబ్బు ఇడిసింది. మూడు సంచులు ఎక్కించి, పప్పు దించి, నేను ఎక్కిన.

రాజమల్లు హెలిప్యాడు కాడనే నిలవడ్డడు. తలకు గుడ్డ చుట్టుకున్నడు. ఉత్తరాలు చేతిల పెట్టిన. అక్కడ్నే చదివిండు. వాళ్ళ అన్న రాసిండు. మొదటి దాంట్ల, నాయినకు పానం బాగలేదు, దవాఖానల పెట్టినం, ఫికర్ చెయ్యకు అని. రెండో దాంట్ల, నాయిన నిన్ను అడుగుతున్నడు, సెలవు దొరికితే రా అని.

అవి నా కాడ ఉన్నయని ఆయనకు తెల్వదు. మిలిటరీ టపా ఆలస్యమైందనుకుంటడు. నేను నోరు మూసుకుంటే అయిపోయేది. మబ్బు మీద ఎట్ల రాయాల్నో నాకు బాగ తెలుసు.

"రాజమల్లు, మొదటి ఉత్తరం నా స్టోరుల పడున్నది. నేనే ఎక్కియ్యలే. ఎక్కిస్తే నువ్వు ఆ ఖాళీ సీట్ల దిగి పోయేటోనివి. నాయినను చూసేటోనివి. తప్పు నాదే" అన్న.

ఆయన ఉత్తరాలు మడిచి అంగీల పెట్టుకున్నడు.

"నా సీట్ల నువ్వు కిందికి దిగు. నేను ఇక్కడుంట, వచ్చే ట్రిప్పుకు దిగుత" అన్న.

"కట్టె కాలిపోయింది సార్. ఇప్పుడు పోయి ఎవల మొఖం చూడాలె? దినాలు అన్న చేస్తున్నడు." పైలెట్ తొందరపెడుతున్నడు. నేను కదలలే. అప్పుడు రాజమల్లు దగ్గరికి వచ్చి, చెవు కాడ గట్టిగ అన్నడు. "సార్, నాకు నాయిన పేర పిట్టకు పెట్టాలని ఉన్నది. పిట్ట ముడితేనే నాయిన తిన్నట్టు. ఇక్కడ కాకులు లేవు గని, ముక్కు పసుపుపచ్చగున్న నల్ల పిట్టలు వస్తయ్. నాయినకు ఇష్టమైనయ్ పెట్టాలె గద. ఇక్కడ అన్నీ డబ్బాలల్ల కూరలే. పంపుతరా?"

"ఏం కావాలె?"

"మినప గారెలు. యాటకూర, డబ్బాది గాదు. ఒక బీడీ కట్ట."

"కల్లు మాత్రం నా చాతగాదు."

"ఇక్కడ రమ్ము ఉన్నది సార్. నాయిన ఏమనుకోడు."

కిందికి దిగంగనే పని వట్టిన. నా డిపోల పొట్టు తీయని నల్ల మినుములే ఉన్నయ్. నానవోసి, చేతులతోని పొట్టు పిసికి, మెస్సుల వంటోనికి గారె ఎట్ల తట్టాల్నో నేర్పిన. ఆయన రాజస్థానీ. నడిమిట్ల బొక్క ఎందుకని అడిగిండు, నాకూ తెల్వదని చెప్పిన. యాటను దగ్గరి ఊరిల కోయించిన. బీడీలు ఆ ఊరిల దొరకలే. రోడ్డు వేసే బీహారీ కూలీల క్యాంపుకు జీపుల పోయి, ఒక ముసలాయన నడుముకు చెక్కుకున్న కట్టను అడుక్కొని తెచ్చిన. ఎవలకోసమని అడిగి, చెప్పినంక అగ్గిపెట్టె గూడ ఇచ్చిండు.

మర్నాడు మబ్బు లేదు. నా రూలు ప్రకారం, పిట్టకు పెట్టే ఆ మూటల ఒక్కటి గూడ ఎక్కొద్దు. అన్నిటి కంటె ముందు అదే మూట ఎక్కించిన. పైలెట్ కాయితంల ఏమని రాయాలె అని అడిగిండు. ఉన్నది ఉన్నట్టు రాయి అన్న. గారెలు, యాటకూర, బీడీలు అని రాసిండు. కింద సంతకం పెట్టిన.

ఆ పొద్దంత సెట్టు కాడనే కూసున్న. పోస్టు నుంచి ఏ చప్పుడు లేదు. సిగ్నల్ జవాను రెండుసార్లు చాయ్ తెచ్చిండు, రెండూ సల్లారిపోయినయ్. పొద్దు కొండ మీదికి వాలుతుంటే సెట్టు గరగరమన్నది. రాజమల్లు గొంతు. మన భాషలనే.

"పిట్ట ముట్టింది సార్. బీడీ గూడ ఎత్తుకపోయింది."